జంతువులకు లెక్క తెలియునా?

(మెట్టుగూడలో జరిగిన గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



సంక్రాంతి దినములలో సికింద్రాబాదు వీధులలోనికి గంగిరెద్దు వచ్చుట పిల్లలకును పెద్దలకును తెలిసిన సంగతియే. మెట్టుగూడ రైల్వే క్వార్టర్ల నడుమ సన్నాయి వినబడినంతనే పిల్లలు తలుపులు తెఱచుకొని పరుగెత్తుదురు. వీపుపై రంగురంగుల బొంత, మెడలో గంటలు, కాళ్లకు గజ్జెలు ధరించి బసవన్న వాకిట నిలుచును. "అయ్యగారికి దండము పెట్టు" అనగానే ముందుకాలు ఎత్తును. "అమ్మగారు పాతచీర ఇత్తురా?" అని అడుగగానే తల ఊపును. ఇల్లాలు నవ్వుచు చేటలో బియ్యము తెచ్చి పోయును.

ఈ బసవన్నకు తెలుగు అర్థమగుచున్నదా? కాదని ఊరివారందఱును ఎఱుగుదురు. తనకంటూ ఒక అభిప్రాయము లేక, పైవాడు అన్నదానికెల్ల ఔననువానిని చూచి "గంగిరెద్దువలె తల ఊపుచున్నాడు" అనుట మన వాడుక. ఎద్దు మాటను వినుటలేదు, యజమానిని కనిపెట్టుచున్నదని ఆ నానుడి కల్పించినవారు గుర్తించియే యుండిరి. ముకుతాడు కదలిక, డోలుదెబ్బ, గొంతులోని హెచ్చుతగ్గులు, ఇవియే ఆ ఎద్దు చదువుకొన్న పుస్తకము. అంతమాత్రమున గంగిరెద్దులవాడు మోసగాడు కాడు. పశువునకును మనుష్యునకును నడుమ అంత సూక్ష్మమైన సంజ్ఞాభాషను ఏర్పఱచుట సామాన్యమైన విద్య కాదు. ఎద్దుకు తెలుగు వచ్చునని ఎవడైన నమ్మి, ఆ నమ్మకముపై శాస్త్రము నిర్మింప బూనినప్పుడే చిక్కు వచ్చును. అట్టి చిక్కు నిజముగనే వచ్చినది. అయితే అచ్చట ఎద్దు కాదు, గుఱ్ఱము. తెలుగు కాదు, గణితము.

జర్మనీ రాజధానియగు బెర్లినులో విల్‌హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అను గణితోపాధ్యాయుడు ఉద్యోగవిరమణానంతరము ఒక గుఱ్ఱమునకు చదువు చెప్ప మొదలుపెట్టెను. జంతువులకును మనుష్యునివంటి బుద్ధి కలదనియు, వానికి బడి లేకపోవుటయే కొఱత యనియు ఆయన నమ్మకము. హాన్స్ అను ఆ గుఱ్ఱమును పెరటిలో నిలిపి, నల్లబల్లమీద అంకెలు వ్రాసి, పూసల చట్రము చూపి, బాలునికి నేర్పినట్లు ఏండ్ల తరబడి నేర్పెను. "మూడును నాలుగును కలిపిన ఎంత?" అని అడిగిన, హాన్స్ గిట్టతో నేలను ఏడుమాఱులు తట్టి ఆగెడిది. తీసివేతలు చేసెడిది. భిన్నములు చేసెడిది. నేటి తేదీ ఏది, గడియారములో గంట ఎంత అన్న ప్రశ్నలకును తట్టియే సమాధానము చెప్పెడిది. చూడవచ్చిన జనుల నుండి ఓస్టెన్ కాసైనను పుచ్చుకొనలేదు.

1904లో కార్ల్ స్టుంఫ్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుని నాయకత్వమున ఒక సంఘము ఈ వింతను పరీక్షించెను. ఇందు మోసమేమియు లేదని ఆ సంఘము సెప్టెంబరులో ప్రకటించెను. యజమాని దగ్గఱ లేకుండ పరాయివారు అడిగినను హాన్స్ సరిగనే చెప్పుచుండెను. ఇంతకంటె నిదర్శనమేమి కావలెనని జనులు అనుకొనిరి.

స్టుంఫ్ శిష్యుడైన ఆస్కార్ ఫుంగ్స్ట్ మాత్రము అంతటితో విడువలేదు. ఆయన అడిగిన ప్రశ్న చాల చిన్నది: ప్రశ్న అడుగువానికే సమాధానము తెలియకున్న ఏమగును? అంకెలు వ్రాసిన అట్టలను, అడుగువాడు చూడకుండ, గుఱ్ఱమునకు మాత్రమే కనబడునట్లు పట్టించెను. అడుగువానికి సమాధానము తెలిసినప్పుడు గుఱ్ఱము ఇంచుమించు ఎల్లప్పుడును ఒప్పే చెప్పెను. తెలియనప్పుడు ఇంచుమించు ఎల్లప్పుడును తప్పే చెప్పెను. అడుగువాడు కనబడకుండ గుఱ్ఱపు కన్నుల ప్రక్కన పెద్ద మూతలు కట్టినప్పుడును అట్లే జరిగెను.

జరుగుచున్నది ఇది. ప్రశ్న అడిగినవాడు గిట్టను చూచుటకై తల రవ్వంత వంచును. గుఱ్ఱము తట్టుట ప్రారంభించును. సరియైన సంఖ్య రాగానే అడిగినవాని మనస్సులోని బిగువు సడలి, తల వెంట్రుకవాసి పైకి లేచును, గుఱ్ఱము ఆగును. తన తల కదలినట్లు అడిగినవానికే తెలియదు. ఫుంగ్స్ట్ తానే గుఱ్ఱపు స్థానమును వహించి, ఎదుటివారిని ఒక సంఖ్య తలచుకొమ్మని, బల్లపై చేతితో తట్టుచు, వారి తల కదలికను బట్టి ఆ సంఖ్యను చెప్పి చూపెను. ఈ వృత్తాంతమంతయు 1907లో గ్రంథరూపమున వెలువడెను.

ఓస్టెన్ ఈ ఫలితమును సహింపలేకపోయెను. తన శిష్యుడు తనను వంచించినట్లే భావించి, 1909లో మరణించెను. ఆయన సత్యవంతుడగుటయే ఈ కథలో మిక్కిలి గమనింపదగినది. అబద్ధమాడువానిని ప్రశ్నించి పట్టుకొనవచ్చును. తాను సంజ్ఞ చేయుచున్నట్లు తానే ఎఱుగని సజ్జనుని పట్టుకొనుటకు పరీక్ష తప్ప మార్గము లేదు.

పరీక్షించి నమ్మవలెనను మాట బెర్లినులో పుట్టినది కాదు. నన్నయభట్టు తెనిగించిన అరణ్యపర్వములోని నలోపాఖ్యానమును చదివినవారికి ఋతుపర్ణుని తాండ్రచెట్టు జ్ఞప్తికి వచ్చును. రథముపై త్వరితముగా పోవుచు ఆ రాజు త్రోవప్రక్కనున్న చెట్టును ఒక్కమాఱు చూచి, ఆకులిన్ని, కాయలిన్ని అని చెప్పెను. సారథిగా నున్న బాహుకుడు, అనగా మాఱురూపములోని నలుడు, ప్రభువు మాట యని తల ఊపలేదు. పయనపు తొందరను కూడ లక్ష్యపెట్టక రథము నిలిపి, చెట్టును పడగొట్టి, లెక్కించి చూచెను. లెక్క సరిపోయిన పిమ్మటనే ఆశ్చర్యపడి ఆ విద్యను అర్థించెను. గుఱ్ఱముల మర్మమెఱిగినవాడు సంఖ్యల మర్మమెఱిగినవానిని పరీక్షించిన ఆ ఘట్టమును బెర్లిను పండితుల సంఘము చదివియుండిన బాగుండెడిది.

ఇది వినోదమునకు చెప్పు కథ మాత్రము కాదు. పెద్ద రైలు స్టేషనులలో పోలీసు జాగిలములు ప్రయాణికుల సామానులను వాసన చూచుచు తిరుగుట అందఱును చూచుచున్నదే. జాగిలపు ముక్కు గొప్పది. అందు సందేహము లేదు. అయితే 2011లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించిన ఒక పరీక్షలో, 18 జాగిలములను వాని శిక్షకులతో సహా ఒక భవనములోనికి పంపిరి. లోపల మత్తుమందు గాని పేలుడు పదార్థము గాని లేశమును లేదు. కొన్నిచోట్ల ఎఱ్ఱకాగితము అంటించి, అచ్చట వాసన యుండునని శిక్షకులతో చెప్పిరి. పెక్కు పర్యాయములు జాగిలములు "ఇచ్చట నున్నది" అని తెలిపినట్లు శిక్షకులు చెప్పిరి. కాగితమున్న చోట్ల మఱింత ఎక్కువగా చెప్పిరి. హాన్స్ చనిపోయి ఎంతకాలమైనను వాని విద్య చావలేదు. అచ్చట తప్పిపోయినది కూడిక లెక్క కాదు. నిరపరాధియగు ప్రయాణికుని పెట్టె అట్టి సంజ్ఞవలన తెఱువబడినచో వాని పరువు ఏమి కావలెను?

చిలుక జోస్యపు పంజరము ముందు కూర్చుండి చీటీని దైవవాక్యముగా గ్రహించి రూపాయలిచ్చువారిని గూర్చి వేఱుగ చెప్పనక్కఱలేదు. మన దేశపు రామచిలుకలను పంజరములో నుంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము కూడ.

హాన్స్ కథ విన్నవారిలో కొందఱు మఱొక కొసకు పోయిరి. గుఱ్ఱము లెక్కింపలేదు గనుక ఏ జంతువును లెక్కింపజాలదని తీర్పు చెప్పిరి. అదియు పరీక్షింపక చేసిన నిర్ణయమే. గుఱ్ఱము యజమాని ముఖము చూచి చెప్పినచో, యజమాని ముఖమే కనబడని చోట మఱొక జంతువును పరీక్షింపవలెను గాని, పుస్తకము మూసివేయుట ఎట్లు న్యాయమగును?

ఆ పని చేసినవాడు కూడ జర్మనుడే. ఆటో కోలర్ అను ప్రాణిశాస్త్రజ్ఞుడు ఇరువదవ శతాబ్ది నడిమి దశాబ్దములలో కాకులు, పావురములు, చిలుకలు మున్నగువానితో పనిచేసెను. పరీక్ష జరుగునపుడు పరీక్షకుడు పక్షికి కనబడకుండ చాటుననుండును. పక్షి చేయునదంతయు చలనచిత్రముగా తీయబడును. జేకబ్ అను మాలకాకి ముందు మూతలుగల గిన్నెలు పెట్టిరి. మూతలపై రెండు మొదలు ఆఱు వఱకు వేర్వేఱు సంఖ్యలలో చుక్కలుండును. ప్రక్కన నొక పలకపై కొన్ని చుక్కలుండును. పలకపై ఎన్ని చుక్కలో అన్నియే చుక్కలున్న గిన్నెలో మాత్రమే ఆహారము దొరకును. చుక్కల పరిమాణమును అమరికను మాటిమాటికి మార్చినను కాకి సరియైన మూతనే ఎత్తెను. ఆకారము చూచి కాదు, ఎన్నియో చూచియే ఎంచుకొనుచున్నదని దీనివలన తేలెను.

అంతకంటె ముచ్చటయైనది ఆయన చెప్పిన మఱొక చిన్నకాకి సంగతి. ఐరోపాలోను మన కాశ్మీరములోను ఉండు ఒక కాకిజాతి పక్షి అది. వరుసగా నున్న పెట్టెల మూతలు తీయుచు మొత్తము అయిదు పలుకులు తిని ఆపవలెనని దానికి నేర్పిరి. ఒకనాడు మొదటి పెట్టెలో ఒకటి, రెండవదానిలో రెండు, మూడవదానిలో ఒకటి, నాలుగవది ఖాళీ, అయిదవదానిలో ఒకటి పెట్టిరి. పక్షి మూడు పెట్టెలు తెఱచి నాలుగు పలుకులు తిని, పని అయినదని తలచి గూటికి పోయెను. తప్పు వ్రాసుకొనుటకు పరీక్షకుడు సిద్ధపడుచుండగా పక్షి తిరిగివచ్చెను! వచ్చి, మొదటి పెట్టె ముందు ఒకమాఱు తల వంచెను. రెండవదాని ముందు రెండుమాఱులు. మూడవదాని ముందు ఒకమాఱు. పిదప నాలుగవ పెట్టె తెఱచెను, ఖాళీ. అయిదవది తెఱచి, మిగిలిన ఒక్క పలుకును తిని, తక్కిన పెట్టెలను ముట్టక వెడలిపోయెను. కిరాణాకొట్టులో చిల్లర మరల ఎంచుకొను ముసలమ్మవలె అది తన లెక్కను మొదటినుండి సరిచూచుకొన్నది. దానికి తల ఊపి చూపినవాడెవడును అచ్చట లేడు.

ఇట్టి పక్షులకు అంకెల పేర్లు లేవు. పేర్లు లేక లెక్క ఎట్లుండును? ఈ సందేహమునకు జవాబు ప్రతి ఇంటి పిల్లల ఆటలోనే యున్నది. నేలపై మూడు చింతగింజలు చల్లిన, ఎంచనక్కఱలేకయే మూడని కన్ను చెప్పును. తొమ్మిది చల్లిన, తొమ్మిదియో పదియో ఎంచిన గాని తెలియదు. 1871లో ఇంగ్లాండు దేశపు అర్థశాస్త్రజ్ఞుడు స్టాన్లీ జెవన్స్ నల్లచిక్కుడు గింజలను పెట్టెలోనికి విసరుచు, చూడగానే తోచిన సంఖ్యను చెప్పుచు, వేయికిపైగా మాఱులు తన్ను తానే పరీక్షించుకొనెను. మూడు, నాలుగు గింజలలో ఒక్కమాఱును పొరపడలేదు. అయిదు మొదలుకొని పొరపాట్లు వచ్చెను. సంఖ్య పెరిగినకొలది పొరపాట్లును పెరిగెను. పెద్ద కుప్పలలో కన్నునకు కావలసినది తేడా కాదు, నిష్పత్తి. పదింటిని ఇరువదింటినుండి గుర్తించుట సులభము. తొంబదింటిని నూటినుండి గుర్తించుట కష్టము. రెండింటను తేడా పదియే.

జంతువుల లెక్కయు ఈ తీరుదే. 1998లో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయములో ఎలిజబెత్ బ్రాన్నన్, హెర్బర్ట్ టెరస్ అనువారు రెండు ఎఱ్ఱమూతి కోతులకు తెరపై బొమ్మలు చూపిరి. ఒకటి, రెండు, మూడు, నాలుగు వస్తువులున్న బొమ్మలను ఆ క్రమమున ముట్టవలెనని నేర్పిరి. తరువాత అయిదు మొదలు తొమ్మిది వఱకు గల బొమ్మలను, ఎన్నడును నేర్పకుండ, ఎదుట పెట్టిరి. కోతులు వానిని కూడ తక్కువనుండి ఎక్కువకు ముట్టెను; సంఖ్యలు దగ్గఱైనప్పుడే ఎక్కువగా తడబడెను. తెలంగాణ పల్లెలలో మక్కచేలను పాడుచేయుచున్న కోతులలో ఈ జాతియు ఉన్నది. ఎన్ని కంకులున్నవో, కావలివారెందఱో అది చూచుకొనియే దిగుచున్నదని రైతు అన్నచో నవ్వవలసిన పనిలేదు.

ఇక ఇంటి పెరటికి వచ్చినచో, కోడిపిల్ల గ్రుడ్డునుండి వెలువడిన మూడునాలుగు దినములకే ఎక్కువ తక్కువలెఱుగును. 2009లో ఇటలీలో రోసా రుగాని అను పరిశోధకురాలును ఆమె తోడివారును చేసిన పరీక్షలో, పుట్టినది మొదలు చిన్న బంతులవంటి అయిదు వస్తువులతో కలిసి పెరిగిన పిల్ల వానినే తన తోబుట్టువులుగా భావించెను. పిల్ల చూచుచుండగా మూడింటిని ఒక తెరచాటునను రెండింటిని మఱొక తెరచాటునను దాచిన, అది మూడున్న తెరవైపే పరుగెత్తెను. దాచిన పిదప ఒక తెరనుండి కొన్నింటిని తీసి రెండవదాని వెనుక చేర్చినను, కడపట ఎక్కువ ఎచ్చట మిగిలినవో గ్రహించి అచ్చటికే పోయెను. అనగా కండ్లకు కనబడనివానిలో కూడికయు తీసివేతయు జరిగినది. ఆ పిల్లకు బడి లేదు, నల్లబల్ల లేదు. ఓస్టెన్ పెరటిలో గుఱ్ఱమునకు బదులు కోడిపిల్ల యుండవలసినదేమో!

ప్రాణముమీదికి వచ్చినచోట ఈ తెలివి మఱింత స్పష్టము. ఆఫ్రికాలోని సెరెంగెటి మైదానములో, కేరెన్ మెక్‌కోంబ్ మొదలగువారు 1994లో ప్రకటించిన పరిశోధనలో, సింహముల మందకు పరాయి ఆడసింహముల గర్జనను యంత్రము ద్వారా వినిపించిరి. గర్జించునది ఒక్కటియైన, మందలోని ఆడసింహములు ఎదిరించుటకు ముందుకు వచ్చెను. మూడు గర్జించిన, తాము ఎన్ని యున్నవో దానినిబట్టి నిర్ణయించుకొనెను. తమ బలము ఎక్కువైన వచ్చెను, తక్కువైన వెనుకాడెను. అచ్చట లెక్క తప్పిన మూల్యము మార్కులు కాదు, మెడ.

గూటి లెక్క మఱింత విచిత్రము. మన కాకి గూటిలో కోకిల గ్రుడ్డు పెట్టుట పద్యములలోను పల్లెలలోను ప్రసిద్ధము. కాకి దానిని తనదిగానే పొదిగి, పిల్లను పెంచును. పరీక్షాశాలలో ఆఱు చుక్కలెఱిగిన కులమునకు చెందిన పక్షి తన గూటిలో ఒక గ్రుడ్డు హెచ్చినదని పట్టుకొనదా? ఇచ్చట ఒక సంగతి గ్రహింపవలెను. తెలివి యుండుట వేఱు, దానిని ఒకానొక చోట వాడుట వేఱు. గ్రుడ్డు పెట్టుచున్న దినములలో గూటిలోని సంఖ్య మాఱుచునే యుండును. కాకి చూచునది పొదుగవలసిన గ్రుడ్లున్నవా లేవా అనియే కాని, లెక్క సరిపోయినదా అని కాదు.

అమెరికా ఖండపు ఒక నీటికోడి జాతి ఇందుకు ఎదురు నిదర్శనము. ఆ జాతి పెట్టలు ఒకదాని గూటిలో నొకటి దొంగతనముగా గ్రుడ్లు పెట్టును. పిల్లలలో పెక్కు మేత చాలక చచ్చును గనుక, పరాయి గ్రుడ్డు ఒక్కటియైనను తల్లికి నష్టమే. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన బ్రూస్ లైయన్ కెనడాలోని నీటిపట్టుల గూళ్లను ఏండ్ల తరబడి గమనించి 2003లో ఫలితములను ప్రకటించెను. పరాయి గ్రుడ్డును గుర్తుపట్టి నెట్టివేయు పెట్టలు, గూటిలోని మొత్తమును కాక, తమ గ్రుడ్లనే లెక్కలోనికి తీసికొని, తమ సంఖ్య పూర్తియగు వఱకు పెట్టుచునే యుండెను. గుర్తుపట్టలేని పెట్టలు మొత్తమును చూచి, తమ గ్రుడ్లను తగ్గించుకొనెను. తన సొమ్మును పరాయి సొమ్మునుండి విడదీసి ఎంచుట ఒక మెట్టు పై లెక్క. కాకికి కావలసినదంతయు ఈ పెట్టకు తెలిసియున్నది. బహుశః అందుకే కోకిల ఈ పెట్ట జోలికి పోలేదని చమత్కరింపవచ్చును.

ఆవగింజంత మెదడుగల ప్రాణులలో ఏమి యున్నదో చూతము. 2017 నవంబరునుండి మెట్టుగూడకు మెట్రో రైలు నడచుచున్నది. చదువురాని అవ్వ ఒకతె పరేడ్ గ్రౌండ్స్ వద్ద నాగోలు బండి ఎక్కినదనుకొందము. "ఒకటవది సికింద్రాబాదు ఈస్టు, రెండవది మెట్టుగూడ, మూడవదానికి పోతివా తార్నాక" అని మనుమడు చెప్పి పంపును. అవ్వ వ్రేళ్లు మడచుకొని సరిగనే దిగును. నడుమ క్రొత్త స్టేషను ఒకటి కట్టినచో ఆమె ఒక స్టేషను ముందే దిగిపోవును. సరిగా ఇట్టి పరీక్షనే 1995లో లార్స్ చిట్కా, కార్ల్ గైగర్ అనువారు తేనెటీగలకు పెట్టిరి. పట్టునుండి మేతకు పోవు దారిలో నాలుగు గుడారములు నిలిపి, మూడవదానికిని నాలుగవదానికిని నడుమ చక్కెరనీరు పెట్టి అలవాటు చేసిరి. పిదప అదే దూరములో గుడారముల సంఖ్యను పెంచగా కొన్ని ఈగలు ముందే దిగెను; తగ్గింపగా కొన్ని మేతచోటును దాటిపోయెను. అన్నియు కాదు, పెక్కు ఈగలు దూరమునే నమ్మినవి. అయినను స్టేషనులు ఎంచుకొన్నవి కొన్ని యున్నవి.

భారతదేశములో పుట్టి, బెంగుళూరులో చదివి, ఆస్ట్రేలియాలో స్థిరపడిన మండ్యం శ్రీనివాసన్, మేరీ డాకే అను ఆమెతో కలిసి 2008లో ఈ విషయమును మఱింత బిగించెను. సొరంగమువంటి గొట్టములో గుర్తులు నిలిపి, వాని నడిమి దూరమును మాటిమాటికి మార్చెను. అందుచేత దూరమును నమ్ముకొన్న ఈగకు మేత దొరకదు. ఎన్నవ గుర్తో ఎఱిగినదానికే దొరకును. తేనెటీగలు నాలుగు వఱకు ఎంచగలిగెను. నాలుగు దాటిన వానికి అంతయు "చాల" యే. పదేండ్ల పిమ్మట, 2018లో, మెల్‌బోర్నుకు చెందిన స్కార్లెట్ హోవర్డ్ మొదలగువారు మఱింత సాహసించిరి. తక్కువ వస్తువులున్న బొమ్మను ఎన్నుకొమ్మని నేర్పిన ఈగలకు ఏమియు లేని తెల్లకాగితమును చూపిరి. ఒకటికంటె అదియే తక్కువ యని ఈగలు దానిని ఎన్నుకొన్నవి. సున్నను సంఖ్యగా గ్రహించి లోకమునకు అందించినది మన దేశమని గర్వపడుట న్యాయమే. తోటలోని ఈగ మాత్రము మూలధనములో కొంత భాగము తనదనవచ్చును.

చీమల సంగతి లాలాగూడ రైల్వే కార్ఖానాలో పనిచేసినవారికి తేలికగా బోధపడును. చక్రము చుట్టుకొలతయు, అది తిరిగిన చుట్లును తెలిసిన దూరము తెలియును గదా. ట్యునీషియా ఎడారిలోని ఒక చీమ ఇట్లే అడుగులతో దూరము కొలుచునని 2006లో హరాల్డ్ వోల్ఫ్ మొదలగువారు చూపిరి. మేతకు చేరిన చీమల కాళ్లకు పందివెండ్రుకలతో పొయ్యికాళ్లు అతికించి వదలగా, అవి పుట్టను దాటి చాలదూరము పోయి వెదకెను. కాళ్లు పొట్టిచేయబడినవి మధ్యనే ఆగి వెదకెను. చక్రము మార్చి లెక్క మార్చకున్న ఏమగునో అదియే అయినది. దీనిని లెక్కించుట యనుట కొంత ఉదారమగును. కొలుచుట యన్న చాలును.

చిలుకలలో అలెక్స్ పేరు చెప్పక తీరదు. ఇరీన్ పెప్పర్‌బర్గ్ 1977లో చికాగోలో కొనితెచ్చిన ఈ ఆఫ్రికా బూడిదవన్నె చిలుక ఆఱు వఱకు వస్తువులను ఎంచి, ఇంగ్లీషులో సంఖ్యను పలికెడిది; పళ్లెములో వేర్వేఱు రంగుల వస్తువులు కలిసియున్నను, అడిగిన రంగువాని సంఖ్యనే చెప్పెడిది. 2007 సెప్టెంబరులో అది చనిపోయెను. మాట నేర్చిన జంతువు గనుక దానిని గూర్చిన వాదములు చాల కలవు. హాన్స్ నీడ మాటాడు జంతువులమీద ఎక్కువగా పడును.

కడపట మరల కాకి. జర్మనీలోని ట్యూబింగెన్ విశ్వవిద్యాలయములో ఆండ్రియాస్ నీడర్ బృందము కాకి మెదడులో ఒక్కొక్క సంఖ్యకు ప్రత్యేకముగా స్పందించు కణములున్నట్లు 2015లో చూపెను. అదే ప్రయోగశాలనుండి 2024లో వచ్చిన వార్త మఱింత ఆసక్తికరము. మూడు కాకులకు ఒక గుర్తు చూపినను, ఒక ధ్వని వినిపించినను, దానికి తగినట్లు ఒకటి మొదలు నాలుగు వఱకు "కావు" మని అరచి, పిదప ముగిసినట్లు ముక్కుతో తెరను పొడువవలెనని నేర్పిరి. కాకులు చేసెను. మొదటి అరుపు స్వరమును బట్టియే ఆ కాకి ఎన్నిమాఱులు అరవబోవుచున్నదో ముందుగా ఊహింపగలిగిరి. అనగా సంఖ్య నోటనుండి రాకముందే దాని మనస్సులో సిద్ధముగా నున్నది. గిట్టతో తట్టుచు ఎప్పుడు ఆగవలెనో ఎదుటివాని తలను చూచి తెలిసికొన్న హాన్సుకును, ఈ కాకికిని గల భేదము ఇచ్చటనే యున్నది.

ఇట్టి పరీక్షలకు జర్మనీకి పోనక్కఱలేదు. పాఠశాలకు పోవు బాలబాలికలు ఇంటి కోడితోనో, గోడమీది కాకితోనో చేయవచ్చును. రెండు పళ్లెములు, కొన్ని వేరుసెనగ పలుకులు, ఒక నోటుపుస్తకము చాలును. ఒక పళ్లెములో రెండు, మఱొకదానిలో నాలుగు పలుకులుంచవలెను. రెండు పలుకులు పెద్దవిగాను నాలుగు చిన్నవిగాను ఉండునట్లు కొన్నిమాఱులు మార్చవలెను. లేనిచో పక్షి సంఖ్యను కాక కుప్పను చూచి వచ్చును. ఎక్కువ పలుకులు ఎల్లప్పుడును కుడివైపే ఉంచరాదు. ఏ వైపన్నది నాణెము ఎగురవేసి నిర్ణయింపవలెను. పక్షిని ఆకలితో మాడ్చరాదు. అన్నిటికంటె ముఖ్యము, పళ్లెములు పెట్టినవారు గోడ చాటునకు పోవలెను. ఏ పళ్లెములో ఎన్ని యున్నవో ఎఱుగని మఱొకరు దూరమునుండి చూచి, పక్షి ముందుగా దేనిని ముట్టెనో వ్రాయవలెను. ఇరువదిమాఱులలో పది ఒప్పులు గ్రుడ్డిగా ముట్టినను వచ్చును. పదునాఱో పదునెనిమిదో వచ్చినచో, మూడింటిని నాలుగింటితో పెట్టి మరల చూడవలెను. ఆ నోటుపుస్తకమును తప్పులతో సహా తెచ్చి ఈ గ్రంథాలయపు బల్లపై నుంచిన, మఱొక వీధివారు తమ పెరటిలోని కోడితో దానిని సరిచూతురు.